కార్బురేటర్ ఇంజిన్‌కి టర్బో బిగించాలంటే కార్బురేటర్ ఎక్కడ పెట్టాలి: టర్బోకి ముందా, తర్వాతా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1600 సీసీ, నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ ఇంజిన్. కంప్రెషన్ 8.5. దాని మీద రెండు బ్యారెళ్ల వెబర్ కార్బురేటర్ ఉంది, ఒక బ్యారెల్ ముందు తెరుచుకుని రెండోది తర్వాత తెరుచుకునే రకం. చిన్న డీజిల్ కారు నుంచి తీసిన టర్బో (ఎగ్జాస్ట్ ఊపుతో టర్బైన్ తిరిగి, అదే షాఫ్ట్ మీదున్న కంప్రెసర్ చక్రంతో ఇంజిన్‌లోకి గాలి నొక్కే యంత్రం) మీ చేతిలో ఉంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ జోలికి పోకుండా 7 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) బూస్ట్‌తో, అంటే బయటి గాలి కంటే టర్బో అంత అదనపు ఒత్తిడి ఇచ్చేలా, నడపాలని మీ కోరిక. కార్బురేటర్‌ని టర్బోకి ముందు పెట్టి గాలీ పెట్రోలూ కలిపి టర్బోలోంచి లాగించాలా (డ్రా-త్రూ), లేక టర్బో తర్వాత పెట్టి అది ఊదే గాలిని కార్బురేటర్‌లోకి పంపాలా (బ్లో-త్రూ)? ఇప్పుడున్న మెకానికల్ పెట్రోల్ పంపే సరిపోతుందా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తున్నాను: బ్లో-త్రూ కట్టండి. మీ దగ్గరున్న టర్బోతో డ్రా-త్రూ అనే ఆలోచనే పెట్టుకోవద్దు. బూస్ట్ ఎంత, ఏది పాత పద్ధతి, ఏది కొత్త పద్ధతి అని చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు. మీ విషయంలో ఆ టర్బో లోపలున్న ఆయిల్ సీలే లెక్క తేల్చేసింది.

టర్బో షాఫ్ట్ ఇంజిన్ ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్ కంప్రెసర్ వైపు రాకుండా ఆపేది చాలా టర్బోల్లో పిస్టన్ రింగు లాంటి ఒక చిన్న రింగు మాత్రమే. అది పూర్తిగా మూసేసే సీల్ కాదు. కంప్రెసర్ చక్రం వెనక గాలి ఒత్తిడి కాస్త ఉన్నంతసేపు ఆయిల్ ఇటు రాదు, అంతే. డీజిల్ ఇంజిన్‌లో టర్బోకి ముందు థ్రాటిల్ ఉండదు కాబట్టి కంప్రెసర్ లోపల ఎప్పుడూ గట్టి వాక్యూమ్ రాదు. ఆ రింగుకి అక్కడ కష్టమే లేదు. డ్రా-త్రూలో థ్రాటిల్ టర్బోకి ముందుకొస్తుంది. మీరు యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ ఇంజిన్ లాగే వాక్యూమ్ అంతా కంప్రెసర్ లోపలే పడుతుంది, ఆ రింగు పక్కనుంచి ఆయిల్‌ని లాక్కుంటుంది. అందుకే డ్రా-త్రూకి కార్బన్ ఫేస్ సీల్ ఉన్న టర్బో కావాలి. కార్బన్ రింగు ఒకటి స్ప్రింగు బలంతో నున్నటి ముఖానికి ఒత్తుకుని ఉండే సీల్ అది. పాత రేజే కంపెనీ టర్బోల్లో అది ఉండేది. ఇప్పుడు దొరికే చాలా టర్బోల్లో ఉండదు, డీజిల్ టర్బోలో ఉంటుందని అసలు ఆశించకండి.

ఇది కాగితం మీది భయం కాదు. ఇలాగే డీజిల్ టర్బోతో కట్టిన డ్రా-త్రూ బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఐడిల్‌లో కాసేపు నిలబెట్టి కదిలిస్తే వెనక నీలం పొగ. అప్పటికే యజమాని పిస్టన్ రింగులూ వాల్వ్ సీల్సూ మార్పించి ఉన్నాడు, పొగ మాత్రం తగ్గలేదు. కంప్రెసర్ నుంచి మానిఫోల్డ్‌కి పోయే పైపు విప్పి లోపల వేలు పెట్టి చూశాను. పెట్రోల్‌తో పలచబడిన ఆయిల్ గోడ పొడుగునా పూతలా అంటుకుని ఉంది, కింది వంపులో చిన్న మడుగు కట్టింది. ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. పొగ ఒక్కటే అయితే భరించొచ్చు. కానీ మిశ్రమంలో ఆయిల్ కలిస్తే దాని ఆక్టేన్ పడిపోతుంది, బూస్ట్‌లో నాకింగ్ (మిశ్రమం అదుపు లేకుండా దానంతటదే పేలడం) మొదలవుతుంది. పిస్టన్లు పోయేది అక్కడే.

డీజిల్ టర్బో గురించి ఇంకో రెండు మాటలు. పెట్రోల్ ఎగ్జాస్ట్ డీజిల్ ఎగ్జాస్ట్ కంటే చాలా వేడిగా ఉంటుంది. పూర్తి లోడ్ మీద 900 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. కాబట్టి టర్బైన్ హౌసింగ్‌లో ఇప్పటికే పగుళ్లు ఉన్నాయేమో వేస్ట్‌గేట్ (బూస్ట్ మితి మీరకుండా ఎగ్జాస్ట్‌ని టర్బైన్ పక్కనుంచి వదిలే తలుపు) రంధ్రం చుట్టూ టార్చి వేసి చూడండి. లోపల కదిలే రెక్కలుండే వేరియబుల్ రకమైతే పక్కన పెట్టేయండి, మామూలు వేస్ట్‌గేట్ రకం వెతుక్కోండి.

ఇక డ్రా-త్రూని ఊరికే తీసిపారేయడం న్యాయం కాదు. కంపెనీలు ముందు ఎంచుకున్నది దాన్నే. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, అదే ఏడాది వచ్చిన షెవర్లే కోర్వేర్ మాంజా స్పైడర్ రెండూ డ్రా-త్రూలే. 1978లో బ్యూక్ 3.8 లీటర్ల వీ6కి టర్బో పెట్టినప్పుడూ కార్బురేటర్ టర్బోకి ముందే ఉంది. కారణం తేలికే. ఈ పద్ధతిలో వెనక టర్బో ఉన్న సంగతి కార్బురేటర్‌కి తెలియదు. దాని మీద ఉండేది ఎప్పుడూ బయటి గాలి ఒత్తిడే. ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నె), పెట్రోల్ పంపు, థ్రాటిల్ షాఫ్ట్ అన్నీ కంపెనీ ఇచ్చినట్టే ఉంటాయి. ఇంజిన్ ఎక్కువ గాలి లాగితే పెద్ద ఇంజిన్‌కి పెట్టారనుకుని కార్బురేటర్ ఎక్కువ పెట్రోల్ ఇస్తుంది. పైగా పెట్రోల్ కంప్రెసర్ లోపల ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, ఆ చల్లదనం ఉచితంగా వస్తుంది. థ్రాటిల్ మూస్తే కంప్రెసర్‌కి గాలే అందదు కాబట్టి సర్జ్ (నొక్కిన గాలి కంప్రెసర్‌లోకి వెనక్కి కొట్టడం) బాధ లేదు, ఆ గాలిని వదిలేసే బ్లో-ఆఫ్ వాల్వ్ అక్కర్లేదు.

మరి ఇబ్బందులు? సీల్ సంగతి చెప్పాను. రెండోది ఇంటర్‌కూలర్, అంటే టర్బోలో వేడెక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్. డ్రా-త్రూలో అది పెట్టే దారి లేదు. పెట్రోల్ కలిసిన గాలిని చల్లటి సన్నటి గొట్టాల్లోంచి పంపితే పెట్రోల్ విడిపోయి అడుగున నిలుస్తుంది. ఆ నిలవ ఒక మలుపులోనో, బ్రేక్ వేసినప్పుడో ఒక్కసారిగా ఇంజిన్‌లోకి పోతుంది. ఇక బ్యాక్‌ఫైర్ వచ్చిందంటే ఇంటర్‌కూలర్ నిండా మండే మిశ్రమం సిద్ధంగా ఉంటుంది. అది లేకపోయినా కార్బురేటర్ నుంచి వాల్వ్ దాకా ఉండే పైపుల నిండా మిశ్రమమే కదా. అందుకే డ్రా-త్రూ కట్టేవాళ్లు మానిఫోల్డ్ మీద స్ప్రింగు రిలీఫ్ వాల్వ్ ఒకటి పెట్టాలి. చల్లటి ఇంజిన్‌తో పైపు గోడలకు పెట్రోల్ అంటుకుపోయి స్టార్టింగ్ మొండికేస్తుంది. పైపు పొట్టిగా ఉండాలి, కింద వేడి నీటి జాకెట్ ఉంటే మంచిది.

ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. హోలీ లాంటి కార్బురేటర్లలో పవర్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది. మానిఫోల్డ్ వాక్యూమ్ తగ్గినప్పుడు, అంటే ఇంజిన్ మీద లోడ్ పడినప్పుడు, అది తెరుచుకుని అదనపు పెట్రోల్ ఇస్తుంది. వాక్యూమ్‌ని అది చూసేది కార్బురేటర్ అడుగు నుంచే. డ్రా-త్రూలో కార్బురేటర్ అడుగుకీ ఇంజిన్‌కీ మధ్య టర్బో కూర్చుంది. థ్రాటిల్ సగం తెరిచి ఉంటే మానిఫోల్డ్‌లో బూస్ట్ ఉండి కూడా కార్బురేటర్ అడుగున ఇంకా వాక్యూమ్ ఉండొచ్చు. పవర్ వాల్వ్ 'లోడ్ లేదులే' అనుకుని మూసుకునే ఉంటుంది. మిశ్రమం పలచన (పెట్రోల్ తక్కువ), సిలిండర్‌లో బూస్ట్: ఇంతకంటే చెడ్డ జోడీ లేదు. ఆ వాల్వ్‌కి సిగ్నల్‌ని నేరుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి గొట్టం వేసి తెచ్చుకోవాలి. డ్రా-త్రూ కట్టి 'జెట్లు (పెట్రోల్‌ని కొలిచి వదిలే రంధ్రాలు) ఎంత పెంచినా మధ్యలో నాకింగ్ పోవట్లేదు' అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది దీని గురించే.

ఇంటర్‌కూలర్ ఎందుకంత ముఖ్యమో మీ 7 పీఎస్‌ఐ లెక్కతోనే చూద్దాం. బయటి గాలి 14.7 పీఎస్‌ఐ, దానికి 7 కలిపితే 21.7, అంటే సుమారు 1.48 రెట్లు. లోపలికి వచ్చే గాలి 30 డిగ్రీలు, కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే బయటికొచ్చే గాలి దాదాపు 85 డిగ్రీలు ఉంటుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కదా, అందుకని ఒత్తిడి 48 శాతం పెరిగినా సిలిండర్‌లోకి వెళ్లే గాలి బరువు పెరిగేది సుమారు 25 శాతమే. ఇంటర్‌కూలర్ పెట్టి దాన్ని 50 డిగ్రీలకు దింపితే లాభం దాదాపు 39 శాతానికి చేరుతుంది. బూస్ట్ ఒక్క పీఎస్‌ఐ కూడా పెంచలేదు. నాకింగ్ భయం తగ్గడం అదనం. డ్రా-త్రూలో పెట్రోల్ ఆవిరి వల్ల 20 డిగ్రీల పైచిలుకు తగ్గొచ్చు. 5 పీఎస్‌ఐ వరకు ఆ చల్లదనంతో సరిపెట్టుకోవచ్చు, ఆ పైన చాలదు. జెట్‌ఫైర్‌లో 10.25 కంప్రెషన్ మీద టర్బో పెట్టి, నాకింగ్ ఆపడానికి నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని వేరే ట్యాంకు నుంచి చిమ్మాల్సి వచ్చింది. మీ 8.5 కంప్రెషన్‌కి అంత తిప్పలు లేవు.

ఇక బ్లో-త్రూ. దీన్ని అందరూ 'కార్బురేటర్ మీద ఒక టోపీ పెట్టి పైపు తగిలించడమే' అనుకుంటారు. టోపీ పెట్టడం చిన్న పనే. అసలు పని ఒత్తిళ్లన్నిటినీ ఒక తాటి మీద నడిపించడం.

కార్బురేటర్ పని చేసేది ఒత్తిడి తేడా మీద. ఫ్లోట్ బౌల్‌లోని పెట్రోల్ మీద ఉండే ఒత్తిడికీ వెంచురీ (కార్బురేటర్‌లో గాలి దారి సన్నబడే చోటు) గొంతులో ఉండే తక్కువ ఒత్తిడికీ ఉన్న తేడాయే పెట్రోల్‌ని జెట్‌లోంచి నెడుతుంది. కాబట్టి కార్బురేటర్ నోటి దగ్గర 7 పీఎస్‌ఐ బూస్ట్ వస్తే బౌల్ మీదా అదే 7 ఉండాలి. బౌల్ వెంట్ (గాలి రంధ్రం) బయటికి తెరిచి ఉంటే బూస్ట్ పెట్రోల్‌ని జెట్‌లోంచి వెనక్కి బౌల్‌లోకి నెట్టి, వెంట్ గుండా ఇంజిన్ మీదికి చిమ్ముతుంది. పక్కనే ఎర్రగా కాలుతున్న టర్బైన్ హౌసింగ్ ఉంటుంది. ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. టోపీ లోపలే వెంట్ ఉంటే సరే. బయటికి ఉండే వెంట్లన్నీ మూసేసి లోపలికి తిప్పాలి. వెబర్‌లో ఐడిల్ వెంట్ ఉందేమో చూసి దాన్నీ మూయండి, చాలామంది అది మర్చిపోతారు.

ఇప్పుడు పెట్రోల్ లైన్. మీ వెబర్‌కి మామూలుగా 3 పీఎస్‌ఐ చాలు. బౌల్‌లో 7 ఉన్నప్పుడు 3 పీఎస్‌ఐ పంపు దాంట్లోకి చుక్క కూడా తోయలేదు. ఆ 3కి ఎప్పుడూ బూస్ట్ కలవాలి. బూస్ట్ 7 ఉంటే లైన్‌లో 10. దీనికి బూస్ట్ గొట్టం తగిలించుకునే రెగ్యులేటర్ కావాలి, బూస్ట్ ఒక పీఎస్‌ఐ పెరిగితే పెట్రోల్ ఒత్తిడి కూడా సరిగ్గా ఒక పీఎస్‌ఐ పెరిగే రకం. ఇలా ఉంటే ఫ్లోట్ నడిపే నీడిల్ వాల్వ్‌కి (బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపేది) తెలిసేది ఎప్పుడూ 3 పీఎస్‌ఐ తేడాయే. అది పొంగదు, ఎండదు. ఎప్పుడూ 10 ఉంటే పోలేదా అనుకోకండి, ఐడిల్‌లో నీడిల్ ఆగలేక బౌల్ పొంగిపోతుంది. రెగ్యులేటర్‌కి వెళ్లే సిగ్నల్ గొట్టాన్ని టోపీ నుంచే తీసుకోండి, మానిఫోల్డ్ నుంచి కాదు. థ్రాటిల్ సగం మూసి ఉంటే ఈ రెండు చోట్లా ఒత్తిడి ఒకటి కాదు, బౌల్ ఉండేది టోపీ ఒత్తిడి మీద.

బూస్ట్ మూడు, నాలుగు పీఎస్‌ఐ దాటగానే దగ్గు వచ్చి ఇంజిన్ పడిపోయే బండ్లు నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఈ జబ్బువే. యజమానులు మాత్రం ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ అన్నీ మార్చుకుని వస్తారు. పెట్రోల్ ఒత్తిడి గేజ్ ఒకటి లైన్‌కి బిగించి, అద్దం ముందు కనపడేలా టేపుతో అంటించి ఒక్కసారి తోలితే తెలిసిపోతుంది. ముల్లు బూస్ట్‌తో పాటు పైకి లేవకపోతే కారణం దొరికినట్టే. (పెట్రోల్ గొట్టాన్ని కారు లోపలికి మాత్రం తేవద్దు, గేజ్ అద్దానికి బయటే ఉండాలి.)

ఫ్లోట్ సంగతి. పాత ఇత్తడి ఫ్లోట్ లోపల డొల్ల. బయట బూస్ట్ ఒత్తుతుంటే, లోపల మామూలు గాలి ఉంటే, అతుకుల దగ్గర నొక్కుకుపోతుంది లేదా సన్నగా కారి లోపల పెట్రోల్ చేరుతుంది. బరువెక్కిన ఫ్లోట్ తేలదు, బౌల్ పొంగుతుంది. పెట్రోల్‌కి తట్టుకునే గట్టి ఫోమ్ ఫ్లోట్ వేసుకుంటే ఆ చింత ఉండదు. యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం, పవర్ వాల్వ్ డయాఫ్రం, మూత గాస్కెట్ అన్నీ కొత్తవి వేయండి. థ్రాటిల్ షాఫ్ట్ అరిగి ఊగుతుంటే బుష్ వేయించకుండా ముందుకు పోవద్దు. మామూలు ఇంజిన్‌లో ఆ సందులోంచి గాలి లోపలికి వస్తుంది, ఐడిల్ కాస్త చెడుతుంది, అంతే. బూస్ట్‌లో అదే సందులోంచి పెట్రోల్ కలిసిన గాలి బయటికొస్తుంది.

ఇక మిశ్రమం పలచబడడం. దీన్ని వివరంగా చెప్తాను, ఎందుకంటే దీని దగ్గరే బ్లో-త్రూ కట్టినవాళ్లు పిస్టన్లు కరిగించుకుంటారు. కొండల మీదికి కార్బురేటర్ బండి తీసుకెళ్తే గాలి పలచబడి మిశ్రమం చిక్కబడుతుందని తెలుసు కదా. బ్లో-త్రూలో సరిగ్గా దానికి తిరగేసి జరుగుతుంది. గాలి సాంద్రత పెరిగే కొద్దీ మిశ్రమం పలచబడుతుంది, సాంద్రత వర్గమూలం లెక్కన. మీ లెక్కలో ఇంటర్‌కూలర్‌తో సాంద్రత 1.39 రెట్లు, దాని వర్గమూలం దాదాపు 1.18. బూస్ట్ లేనప్పుడు 13 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ ఇచ్చే జెట్లే 7 పీఎస్‌ఐలో 15 దాటిస్తాయి. బూస్ట్‌లో మీకు కావాల్సిందేమో 11.5 నుంచి 12. డ్రా-త్రూలో ఈ గొడవ లేదు, అక్కడ కార్బురేటర్ చూసే గాలి సాంద్రత మారదు కాబట్టి.

అయితే జెట్లు పెంచేద్దాం అంటారా? 15.3ని 12కి తేవాలంటే పెట్రోల్ సుమారు 28 శాతం పెరగాలి. పెట్రోల్ జెట్ రంధ్రం వైశాల్యాన్ని బట్టి పోతుంది కనుక వ్యాసం 13 శాతం పెంచాలి, అంటే 130 జెట్ ఉంటే 147 దగ్గర. కానీ అప్పుడు బూస్ట్ లేకుండా నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజిన్ పెట్రోల్‌లో మునిగిపోతుంది, ప్లగ్‌లు నల్లబడతాయి. మీ వెబర్ ఒక బ్యారెల్ తర్వాత ఒకటి తెరుచుకునే రకం కావడం ఇక్కడ అదృష్టం. మొదటి బ్యారెల్‌ని దాదాపు కంపెనీ జెట్ల మీదే ఉంచి, చిక్కదనం అంతా రెండో బ్యారెల్‌లో పెట్టండి: మెయిన్ జెట్ పెద్దది, ఎయిర్ కరెక్టర్ జెట్ (ఆ పెట్రోల్‌లో కలిసే గాలిని కొలిచేది) చిన్నది. మెలిక ఒకటుంది. పెడల్ సగం నొక్కి ఎత్తు ఎక్కుతున్నప్పుడు రెండో బ్యారెల్ తెరుచుకోకుండానే 3, 4 పీఎస్‌ఐ బూస్ట్ రావచ్చు. ఆ ఒక్క చోట మిశ్రమం పలచగా ఉంటుంది. మొదటి బ్యారెల్ పవర్ సర్క్యూట్‌ని కొంచెం పెంచడమో, రెండో బ్యారెల్ లింకేజీని కాస్త ముందే తెరుచుకునేలా సర్దడమో చేయాలి. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ (ఎగ్జాస్ట్‌ని చూసి గాలీ పెట్రోల్ పాళ్లు చెప్పేది) లేకుండా ఈ సెట్టింగ్‌కి దిగొద్దు. ప్లగ్ రంగు చూసి జెట్లు పెట్టడం మామూలు ఇంజిన్‌కి సరిపోతుంది. బూస్ట్‌లో ప్లగ్ రంగు చెప్పేసరికి పిస్టన్ అంచు పోయి ఉంటుంది.

టోపీ ఆకారం కూడా ఊరికే కాదు. టర్బో నుంచి వచ్చే గాలి ఒక పక్క నుంచి జెట్టులా దూసుకొచ్చి ఒక వెంచురీ మీదే పడితే దాని సిగ్నల్ (పెట్రోల్‌ని లాగే ఒత్తిడి తేడా) చెడిపోతుంది. బౌల్ వెంట్ గొట్టం మీద సూటిగా పడితే బౌల్‌లో ఒత్తిడి ఎక్కువై మిశ్రమం చిక్కబడుతుంది, పక్కనుంచి దూసుకుపోతే పలచబడుతుంది. టోపీ ఎత్తుగా, లోపల విశాలంగా ఉండాలి. పైపు వచ్చే చోట గాలి నెమ్మదించేలా చిల్లుల పళ్లెం ఒకటి అడ్డం పెట్టొచ్చు. టోపీ బదులు కార్బురేటర్ మొత్తాన్ని ఒక గట్టి పెట్టెలో పెట్టేసే పద్ధతీ ఉంది, 1981లో చూపించిన మసెరాటి బైటర్బోలో ఒత్తిడి గదిలో కూర్చున్న వెబర్ అలాంటిదే. పెట్టెలో ఉంటే షాఫ్ట్ సందులు, వెంట్లు, ఫ్లోట్ మూత గాస్కెట్ ఏవీ కారవు, లోపలా బయటా ఒకే ఒత్తిడి కదా. కానీ థ్రాటిల్ కేబుల్, పెట్రోల్ పైపు పెట్టె గోడలోంచి లీకు లేకుండా తీయాలి, ఒక్క జెట్ మార్చాలన్నా పెట్టె ఊడదీయాలి. సెట్టింగ్ ఇంకా కుదరని బండికి అది శిక్ష. మీకు టోపీయే మంచిదని నా అభిప్రాయం.

వేడి సంగతి మర్చిపోకండి. 1985లో వచ్చిన రెనో 5 జీటీ టర్బో 1397 సీసీ బ్లో-త్రూ, ఇంటర్‌కూలర్ ఉన్నదే. అయినా వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మొరాయించడంలో దానికి పేరుంది. ఇంజిన్ ఆపాక టర్బో, మానిఫోల్డ్ వేడి కార్బురేటర్‌కి ఎక్కి బౌల్‌లో పెట్రోల్ ఆవిరైపోవడమే దీనికి కారణం. టర్బోకీ కార్బురేటర్‌కీ మధ్య రేకు అడ్డం, కార్బురేటర్ కింద మందపాటి వేడి ఆపే స్పేసర్, రెగ్యులేటర్ నుంచి ట్యాంకుకి రిటర్న్ లైన్, ఈ మూడూ మొదటి రోజే వేసుకోండి.

మిగతావి గబగబా చెప్తాను. థ్రాటిల్ ఇప్పుడు టర్బో తర్వాత ఉంది కాబట్టి బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టాలి, లేకపోతే పెడల్ వదిలిన ప్రతిసారీ గాలి వెనక్కి కొట్టి టర్బో బేరింగుల మీద పడుతుంది. ఇందులో ఉండేది వట్టి గాలే కనుక బయటికి వదిలినా ప్రమాదం లేదు. చోక్ పలక తీసేయండి. క్రాంక్‌కేస్ గాలి గొట్టంలో, బ్రేక్ బూస్టర్ గొట్టంలో బూస్ట్ వెనక్కి పోకుండా చెక్ వాల్వ్‌లు ఉండాలి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పు వేసే సమయం) ప్రతి పీఎస్‌ఐకి సుమారు ఒక డిగ్రీ వెనక్కి అనే వాడుక లెక్కతో మొదలుపెట్టండి, అంటే పూర్తి బూస్ట్‌లో 7 డిగ్రీలు. ప్లగ్ గ్యాప్ 0.6 లేదా 0.7 మిల్లీమీటర్లకు తగ్గించండి.

డ్రా-త్రూ నేనైతే ఎప్పుడు కడతాను? కార్బన్ సీల్ టర్బో చేతికొస్తే, బూస్ట్ 5 పీఎస్‌ఐకి మించనప్పుడు, ఇంజిన్‌కి ఒకే ఒక కార్బురేటర్ సరిపోతున్నప్పుడు. ఎస్‌యూ లాంటి సైడ్‌డ్రాఫ్ట్ (గాలి పక్క నుంచి లాగే) కార్బురేటర్‌ని పొట్టి పైపుతో కంప్రెసర్‌కి బిగించి నడిపిన చిన్న ఇంజిన్లు ఎంతో బుద్ధిగా ఉంటాయి. జెట్టింగ్ బాధ చాలా తక్కువ. నాలుగు కార్బురేటర్ల మోటార్‌సైకిల్ లాంటిదైతే దారి వేరు. కార్బురేటర్లను కదపకుండా వాటి నోళ్లకు ఒక గాలి పెట్టె తగిలించడమే తేలిక. 1982 నాటి యమహా ఎక్స్‌జే650 టర్బో అలా కార్బురేటర్లు ఉంచుకునే బ్లో-త్రూ పద్ధతిలో వచ్చింది.

చివరగా మీ పంపు ప్రశ్న. మెకానికల్ పంపు ఒత్తిడి దాని డయాఫ్రం కింద ఉండే స్ప్రింగు నుంచి వస్తుంది. ఆ స్ప్రింగు గదికి బూస్ట్ గొట్టం తగిలిస్తే స్ప్రింగు బలానికి బూస్ట్ తోడై ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది. సిద్ధాంతం అందంగా ఉంది. కానీ మీ పంపు విప్పి చూడండి. ఆ గది లివర్ దగ్గర క్రాంక్‌కేస్‌కి తెరిచి ఉంటే మీరిచ్చే బూస్ట్ అంతా ఇంజిన్ ఆయిల్ గదిలోకే పోతుంది, అప్పుడా పని కుదరదు. విడిగా మూసి ఉండి పక్కన చిన్న గాలి రంధ్రం ఉంటేనే ఆ ఉపాయం పని చేస్తుంది. అప్పుడు కూడా డయాఫ్రం కొత్తది వేయాలి, ఎందుకంటే చిరిగితే పెట్రోల్ బూస్ట్ గొట్టంలోకీ, ఆయిల్‌లోకీ చేరే దారి తెరుచుకుంటుంది.

నా మాట వింటే ఎలక్ట్రిక్ పంపు వేయండి. మీ ఇంజిన్ 130 హార్స్‌పవర్ ఇస్తుందనుకుంటే గంటకు దాదాపు 50 లీటర్ల పెట్రోల్ కావాలి, అదీ 10 పీఎస్‌ఐ దగ్గర. పంపు డబ్బా మీద రాసిన అంకె చాలావరకు ఎదురు ఒత్తిడి లేనప్పటిది. ఒత్తిడి పెరిగే కొద్దీ అది పడిపోతుంది, కాబట్టి ఆ ఒత్తిడిలో ఎంత ఇస్తుందో చూసి కొనండి. పంపు కరెంటుని ఆయిల్ ప్రెషర్ స్విచ్ గుండా తీసుకెళ్లండి. ఇంజిన్ ఆగితే పంపు కూడా ఆగాలి. బండి దేనికైనా గుద్దుకుని పైపు తెగినప్పుడు, వేడి టర్బో మీదికి పంపు పెట్రోల్ కొడుతూనే ఉంటే జరిగే నష్టానికి ఆ ఒక్క స్విచ్చే అడ్డం. స్టార్టింగ్ అప్పుడు మాత్రం పంపు తిరగడానికి స్టార్టర్ వైర్ నుంచి ఒక బైపాస్ ఇవ్వడం మరువకండి, లేదంటే బౌల్ ఖాళీ అయిన రోజు ఎంత క్రాంక్ చేసినా బండి లేవదు.